చెరువుకట్టనుండి మహానగరములకు

పశ్చిమ కనుమలను దాటి వచ్చు మేఘములు తమ నీటిని కొండల కావలనే కురిపించి, అనంతపురపు మెట్టభూములపైకి వచ్చునప్పటికి వట్టిపోవును. ఆ మెట్టమీదనే కొత్తచెరువు అను ఊరున్నది. 2022 వరకు ఇది అనంతపురము జిల్లాలోనిది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఊరిపేరులోనే చెరువున్నది. ప్రక్కనే బుక్కపట్టణమున ఒక పెద్దచెరువు, ధర్మవరమున మరియొకటి కలవు. ఆ రెండును చిత్రావతీనది నీటితో నిండవలసినవి. కాని నది పారనియేడు చెరువేమి చేయగలదు? వానలు కురిసిన వేరుసెనగ పండును. కురియనియేట రైతు అప్పుచేసి బోరుబావిని మరికొంత లోతు వేయించును. శ్రీశైలము జలాశయమునుండి హంద్రీ-నీవా కాలువద్వారా కృష్ణానీరు ఈ మెట్టకు ఇటీవలి సంవత్సరములలోనే ఎక్కివచ్చినది.

ఇట్టి ఊరినుండి ఒకడు తన వేసవిసెలవులలో ఒంటరిగా విదేశములకు పోయి, అచటి మహానగరములను చూచిరాదలచెననుకొందము. ఆతని పేరు మన కక్కరలేదు. ఉన్నతపాఠశాలలో గణితము చెప్పువాడు. బాల్యమున తల్లివెంట బిందె భుజమున పెట్టుకొని నీటికై నడచినవాడు. అయిదేండ్లు కూడబెట్టిన సొమ్ముతో మే నెలలో బయలుదేరును. ఊరివారు ఆతనిని మూడు ప్రశ్నలడుగుదురు: ఎవరితో పోవుచున్నావు? ఏమి పనిమీద పోవుచున్నావు? అక్కడ మనవారెవరున్నారు? తోడెవరును లేరనియు, పనియేమియు లేదనియు, మనవారెవరును లేరనియు ఆతడు చెప్పగా విన్నవారు నవ్వుదురు. ప్రక్కయింటి ముసలమ్మ మాత్రము నవ్వదు.

"ఒక్కడవే పోవుచున్నావా నాయనా? అంతదూరమున నీకు జ్వరము వచ్చినచో గ్లాసెడు నీళ్లిచ్చువారెవరు?"

"అక్కడకూడ మనుష్యులే యున్నారు అవ్వా!" అనును కాని, ఆ మాట ఆతని మనస్సునుండి పోదు.

తెలుగువారికి దూరయాత్రలు క్రొత్తవి కావు. చెన్నపట్టణమున సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830వ సంవత్సరము మే నెలలో కాశికి బయలుదేరి, మరుసటి యేడు సెప్టెంబరులో ఇల్లు చేరెను. ఆయన వెంట ఇంచుమించు నూరుగురుండిరి. ఆయన తన దినచర్యలో దేవాలయములను వర్ణించి ఊరకుండలేదు. ఏ ఊర నీటివసతి యున్నది, ఎచ్చట సరకులు దొరకును, ఏ దారి యెట్టిది అను సంగతులనుగూడ వ్రాసికొనెను. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ ఇంకను దూరము పోయెను. ఆయన ధర్మవరము రామకృష్ణమాచార్యుల మేనల్లుడు. వృత్తిచేత న్యాయవాది, మనస్సుచేత నటుడు. 1920వ దశకపు చివర ఇంగ్లండునకు పోయి, అచటి నాటకశాలలను దర్శించి, బెర్నార్డు షాను కలిసికొనెను. ఇంటివద్ద దేనిని గూర్చి తలపోయుచుండునో యాత్రికుడు పరదేశమున దానినే ముందుగా చూచును. మన ఉపాధ్యాయుడు చూచునది నీరు.

పాసుపోర్టు ముందే యున్నది. ఇంగ్లండునకు ఒక వీసా, ఫ్రాన్సు ఇటలీలకు కలిపి వేరొక వీసా కావలెను. ఈ రెండింటికే రెండునెలలు గడచును. చూడదగిన స్థలముల పట్టికలు ఎన్నియో దొరకును. ఏ పట్టిక చూచినను కోటలు, గోపురములు, వంతెనలు. అవి చాలునని తలపక, క్రొత్త నోటుపుస్తకమున మొదటిపుటలో ఆతడు మూడు ప్రశ్నలు వ్రాసికొనును. ఈ నగరము త్రాగునీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది? దానిని తెచ్చినవారెవరు? నేడు దానిని కాపాడువారెవరు?

బెంగళూరున విమానమెక్కి లండనులో దిగినదినముననే సన్నని తుంపర పడుచుండును. గొడుగు తెరచినవారు కొందరే. తక్కినవారు దానిని వానగా లెక్కింపరు. ఇంత వాన యున్న దేశమున నీటికేమి కొరత యని ఆతడనుకొనును. బసకు పోయి లెక్కలు వెదకిన పిమ్మట ఆశ్చర్యపడును. లండనున సంవత్సరమునకు సగటున కురియు వాన ఇంచుమించు 600 మిల్లీమీటర్లు. అనంతపురమున ఇంచుమించు 550. తేడా రెండంగుళములు! ఆతడు ఆ అంకెలను రెండుమారులు సరిచూచుకొనును.

అయినచో భేదమెక్కడ నున్నది? లండనువాన ఏడాదిపొడుగునను, నూటికి పైగా దినములలో, కొంచెముకొంచెముగా పడును. ఎండ తక్కువ కావున పడిన నీరు ఆవిరియగుటయు తక్కువ. నేల దానిని నెమ్మదిగా త్రాగి నదులకు విడుచుచుండును. అనంతపురపు వాన జూను మొదలు అక్టోబరు లోపల కొలది దినములలో వచ్చి, వంకలలో ఉరికిపోవును. మిగిలినదానిని ఎండ పీల్చివేయును. ఆకాశమిచ్చునది ఇంచుమించు సమానమే. కావున మనదేశమున వాననీటిని వచ్చినప్పుడే పట్టి నిలుపవలెను. మన పూర్వులు చెరువులు త్రవ్వుట ఇందులకే. లండనుకైనను నీరు సమృద్ధియని చెప్పరాదు. నదులనీరు చాలనిదినముల కొరకని 2010లో ఆ నగరమున ఉప్పుకలిసిన నదీముఖపు నీటిని మంచినీరుగా మార్చు కర్మాగారమును కట్టిరి.

మరునాడు ఆతడు నగరమునకు ఉత్తరమున న్యూరివరు అను కాలువ గట్టున నడచును. పేరు నదియేకాని యిది మనుష్యులు త్రవ్వినది. హ్యూ మిడిల్టన్ అను కంసాలివర్తకుడు 1609లో పని మొదలుపెట్టి, 1613లో హార్టుఫర్డు ప్రాంతపు ఊటనీటిని లండనునకు తెచ్చెను. కాలువ పొడవు 60 కిలోమీటర్లకు పైగా నుండును. మొదటినుండి చివరివరకు వాలు ఆరు మీటర్లకు మించదు. యంత్రములు లేవు, నేల మిట్టపల్లములను అనుసరించి కాలువ మెలికలు తిరుగుచు పోవును. నడుమ డబ్బు చాలక పని ఆగిపోగా, జేమ్సురాజు సగము వ్యయము భరించి సగము లాభమునకు ఒడంబడెను. ఆ కాలువ నేటికిని లండనుకు నీరిచ్చుచున్నది.

గట్టున నిలిచినవానికి కడపజిల్లాలోని పోరుమామిళ్ల చెరువు జ్ఞప్తికి వచ్చును. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన ఆ చెరువువద్ద 1369వ సంవత్సరపు శిలాశాసనమున్నది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, ఉండరాని ఆరు దోషములను అది చెప్పును. వేయిమంది కూలివారు, నూరుబండ్లు రెండేండ్లు పనిచేసినట్లు కూడ అందున్నది. ఉపాధ్యాయుడు మనస్సులోనే తీసివేత చేయును: న్యూరివరుకంటె 244 ఏండ్లు ముందు. ఎవరితోనైన చెప్పవలెననిపించును. ప్రక్కన కుక్కను నడిపించుకొనిపోవు పెద్దమనిషి చిరునవ్వు నవ్వి సాగిపోవును.

నీరు ప్రాణములు తీసిన చోటునుగూడ ఆతడు చూచును. సోహో అను పేటలో పిడి లేని చేతిపంపు ఒకటి వీథిలో నిలిచియున్నది. 1854లో ఆ పేటలో కలరా వ్యాపించి పదిదినములలో అయిదువందలమందికి పైగా చనిపోయిరి. చెడుగాలివలన కలరా వచ్చునని ఆ కాలపు వైద్యులనేకులు నమ్మియుండిరి. జాన్ స్నో అను వైద్యుడు ఇల్లిల్లు తిరిగి మరణములను పటముపై గుర్తించి, అవి ఆ పంపు చుట్టును క్రిక్కిరిసియుండుట చూపెను. అధికారులు పంపుపిడిని తీయించిరి. ఇప్పుడున్నది దానికి ప్రతిరూపము. నాలుగేండ్లకు, 1858 వేసవిలో, థేమ్సునది మురికికంపు భరింపరానిదై పార్లమెంటువారే ముక్కులు మూసికొనిరి. అప్పుడుగాని జోసెఫ్ బాజల్‌గెట్ అను ఇంజనీరుకు భూగర్భపు మురుగుకాలువలు కట్టుటకు ధనము రాలేదు. నగరము పాలించువారి ముక్కుదాక వచ్చినకాని పని జరుగకపోవుట ఒక్క లండనుననే కాదు.

బ్రిటిషు మ్యూజియమునకు ప్రవేశరుసుము లేదు. ఉపాధ్యాయుడు గదులన్నియు తిరిగి, తుదకు గాజుతలుపులు గల ఒక గదిలో ఆగిపోవును. గోడపొడుగున పాలరాతివలె మెరయు సున్నపురాతి పలకలున్నవి. అవి అమరావతి స్తూపమువి. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించినవి. 1859లో ఓడమీద లండనునకు చేరి, 1880లో ఈ మ్యూజియమునకు వచ్చినవి. తెలుగునేలపై కృష్ణయొడ్డున ఇంచుమించు రెండువేలయేండ్లక్రిందట ఉలిపట్టినవారి చేతిపని! పలకలమీద రాజులు, భక్తులు, ఏనుగులు. స్తూపద్వారమునొద్ద తామరలు పొంగిపొరలు పూర్ణకుంభము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వచిహ్నమున నున్నది ఈ కుంభమే. బిందె మోసిన భుజమును ఆతడు తెలియకయే తడవుకొనును. ఎంతసేపు నిలిచెనో తెలియదు. తోడివారుండినచో ఆకలియైనదని ఎవరో ఒకరు బయటికి పిలిచియుందురు. ఒంటరివానికి ఆ తొందర లేదు. కాని ఆ కుంభమును వ్రేలితో చూపి "చూడుడు" అనుటకును ఎవరును లేరు. ఇంకొక సంగతి ఆతనికి సిగ్గు కలిగించును: గుంటూరుసీమలోని అమరావతిని ఆతడింతవరకు ఒక్కసారియైన చూడలేదు.

ఒంటరియాత్రకు సాయంకాలము కష్టము. మే నెలలో లండనున రాత్రి తొమ్మిదికి దగ్గర వరకు వెలుగుండును. పగలు చూచినది చెప్పవలెనని ఎనిమిదికి ఫోను తీసినచో కొత్తచెరువున అర్ధరాత్రి దాటియుండును. ఆ మాటలన్నియు నోటుపుస్తకములోనికి పోవును. ఒకనాడు నిజముగానే జ్వరము తగిలి, ఆతడు బసలో పడుకొనును. క్రిందనున్న కాపలాదారు ఆ సంగతి తెలిసికొని, మాత్రయు గ్లాసెడు నీళ్లును తెచ్చి బల్లపై నుంచి, మాటాడక పోవును. ముసలమ్మకు చెప్పవలసినదని ఆ రాత్రి పుస్తకమున ఒక పంక్తి చేరును.

పారిసునకు సముద్రగర్భపు సొరంగములో రైలుమీద పోవును. 1994లో తెరచిన ఆ సొరంగము పొడవు 50 కిలోమీటర్లు. పారిసున అందరును చూచునది 1889లో కట్టిన ఐఫెలు గోపురము, ఆతడును చూచును. కాని పుస్తకమున ఎక్కువ చోటు పొందినది వీథిమూలలందలి ఆకుపచ్చ ఇనుప నీటిగుడి. నలుగురు స్త్రీలు కప్పును మోయుచున్నట్లు పోతపోసిన ఈ చలివేంద్రములను 1872లో రిచర్డు వాలెస్ అను ఇంగ్లీషువాడు తన ధనముతో పెట్టించెను. అంతకు ముందు జరిగిన యుద్ధములో నగరము ముట్టడింపబడి, పేదలకు మంచినీరు దుర్లభమై యుండెను. నేటికిని వానినుండి నీరు ఊరకే పట్టుకొనవచ్చును. మురికివలన 1923లో ఈతను నిషేధించిన సేన్ నదిని శుభ్రపరచి, 2025లో మూడు చోట్ల ప్రజల కీతకై తెరచిరి.

రోమునగరము ఆతనిని కలవరపెట్టును. అచటి వీథులలో రెండువేలకు పైగా ఇనుపకొళాయిలు రాత్రింబగళ్లు ధారగా పారుచుండును. కట్టువారు లేరు, కట్టుటకు మరయు లేదు. మొదటిదానిని చూడగానే ఆతని చేయి మర కొరకు వెదకును. కొత్తచెరువున కారుచున్న కొళాయిని చూచి కట్టక దాటిపోయిన పిల్లవానికి దెబ్బలు తప్పవు. ధారకు వ్రేలడ్డము పెట్టినచో గొట్టముపైనున్న చిన్నరంధ్రమునుండి నీరు పైకి చిమ్మును. నోటితో త్రాగుటకు అది యుపాయము. ఆతనికది తెలియక చొక్కా తడుపుకొనగా, అచటి పిల్లలు చప్పట్లు చరతురు. క్రీస్తునకు పూర్వము 19వ సంవత్సరమున అగ్రిప్ప కట్టించిన వర్గో కాలువ జలమే పలుమారులు బాగుచేయబడి నేటికిని ట్రెవీ జలయంత్రమునకు వచ్చుచున్నది. ఎడతెగక పారునట్టి ఈ ధారలలో కొన్నిటిని 2017 వేసవియందు కరువువలన మూయవలసివచ్చెను. ఆ సంగతి చదివిన తరువాత ఆతని కలవరము కొంత తగ్గును.

ఇరువది దినములకు ఆతడు తిరిగివచ్చును. ఊరివారు ఐఫెలు గోపురపు ఎత్తు అడుగుదురు. ముసలమ్మ మాత్రము "నీళ్లిచ్చినవారున్నారా?" అని అడుగును. లండను కాపలాదారుని సంగతి చెప్పగా, "వాని కడుపు చల్లగా నుండనీ" యనును.

ఆ సాయంకాలము ఆతడు చెరువుకట్టపై కూర్చుండి పుస్తకము తెరచును. లండను, పారిసు, రోము పుటలు నిండియున్నవి. తరువాతి పుటపై "కొత్తచెరువు" అని వ్రాసి, క్రింద ఆ మూడు ప్రశ్నలనే వ్రాయును. నీరు ఏ వంకలగుండ వచ్చునో ఆతనికి కొంత తెలియును, పూర్తిగా తెలియదు. కట్ట కట్టించినదెవరు? తెలియదు. తూము తెరచి మూయువారెవరు, మరవ నెవరు చూచుచున్నారు? అదియు తెలియదు. మూడు దేశముల కాలువల సంవత్సరములు చెప్పగలిగినవాడు తన ఊరి చెరువునుగూర్చి ఒక్క పంక్తి నింపలేకపోవును. పూర్వము నీరుగంటిగా పనిచేసిన వృద్ధుడొకడు క్రిందివీథిలో ఉన్నాడని జ్ఞప్తికి వచ్చి, చీకటిపడకముందే పుస్తకము చంకనుంచుకొని కట్ట దిగును.