చప్పుడు లేని గీత

విజయనగరం

చి. రమ్యకు మేనత్త దీవించి రాయునది.

మొన్న వదిన ఫోన్లో చెప్పింది, పిల్లలు వరసలో ఉన్నారని నువ్వు పసిపిల్లల వినికిడి చూసే బెరా పరీక్ష 500 క్లిక్కులకే ఆపేస్తున్నావట. పోయిన ఉత్తరంలో నాకూ రాశావుగా, "జవాబులో ఐదో అల, వేవ్ ఫైవ్, కనిపిస్తే చాలు కదత్తా" అని. గట్టి చప్పుడికైతే చాలునేమో. 30 డెసిబెల్స్ దగ్గర చాలదు తల్లీ. అది సరే, మధ్యాహ్నం వేళకి అన్నం తింటున్నావా? నీ గొంతు నీరసంగా ఉందంది వదిన.

క్లిక్కుకి పసిబిడ్డ మెదడు కాండం ఇచ్చే జవాబు ఒక మైక్రోవోల్టుకి లోపే. దాని చుట్టూ మెదడు సొంత సందడి, మెడ కండరాల కదలిక ఎన్నో రెట్లు. సిరిమాను పండగ నాటి జనంలో మీ నాన్న పిలిస్తే నాకు ఏనాడైనా వినిపించిందా? అదే పిలుపు క్లిక్కు తర్వాత సరిగ్గా అదే క్షణాన వేలసార్లు వస్తే, అన్నిటినీ పోగేసి సగటు తీస్తే, పైకీ కిందకీ ఊగే సందడి తనలో తానే చెల్లిపోతుంది, పిలుపు మిగులుతుంది. 1951లో లండన్‌లో డాసన్ అనే శాస్త్రవేత్త తిరిగే స్విచ్చు, వరస కెపాసిటర్లతో చేసి చూపించింది ఇదే. బేరం మాత్రం గిట్టుబాటు కాదు. నాలుగింతలు వింటే స్పష్టత రెండింతలే. 500కి సందడి 22వ వంతుకి దిగితే, 2000కి 45వ వంతు. అయినా వినాల్సిందే.

కానీ ఎన్ని వేలు విన్నా కరగనిది ఒకటుంది. అందుకే ఈ ఉత్తరం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా గది పక్కనే లిఫ్టు మోటారు. పాలు తాగి పిల్లలు నిద్రపోయేదాకా ఫ్యాను ఆపి జోల పాడేదాన్ని. నా గొంతు నీకు తెలుసుగా, తల్లులే ముందు నిద్రపోయేవారు. క్లిక్కులు సెకనుకి 10 పెట్టేదాన్ని, లెక్క సులువని. మన కరెంటు 50 హెర్ట్జ్. పదితో భాగిస్తే యాభై శేషం లేకుండా పోతుంది కదా! ఆ మోటారు కరెంటు రొద ప్రతి క్లిక్కుకీ ఒకే చోట పడి, సగటులో బిడ్డ జవాబులా నిలబడిపోయింది. ఆ మూపురం చూసి ఒక పాపకి వినికిడి ఉందని రాసిచ్చాను. రెండేళ్లు దాటాక ఆ తల్లి మళ్లీ తెచ్చింది. మాట రాలేదు. ఆవేళ హెడ్‌ఫోన్ పాప చెవుల మీంచి తీసేసి, దూరంగా పెట్టి, అదే అమరికతో 2000 తీశాను. అదే మూపురం వచ్చింది.

సెకనుకి 11.1, 21.1 లాంటి కుంటి అంకెలు పెట్టేది అందుకే. అయినా నమ్మకు. కొత్త మిషన్ చూసుకుంటుందంటావు, చూసుకోదు. చెవిలో పెట్టే ఇన్సర్ట్ ఫోన్ గొట్టాన్ని క్లిప్పుతో నొక్కిపట్టి, చప్పుడు లేకుండా ఒక్కసారి తియ్యి. ప్రతి బిడ్డకీ. వరసలో వాళ్లు కోప్పడితే కోప్పడనీ, మీ పెద్ద డాక్టరు కోప్పడితే నా పేరు చెప్పు.

ఈసారి ఉత్తరంతో రెండు ట్రేసులు పంపు, బిడ్డ పేరు చెరిపేసి. ఒకటి చప్పుడుతో, ఒకటి లేకుండా. ఏది ఏదో రాయకు, నేను కనుక్కుంటాను.

మీ అత్త