రాజుల మరణము – సంఘము నేర్చుకొనవలసిన పాఠము

చదువవలసిన భాగములు: 2 సమూ. 1:1–27; 2 దిన. 21:4–20, 24:15–25



ఇంగ్లాండు రాణియైన రెండవ ఎలిజబెత్ 2022 సెప్టెంబరు 8న మరణించెను. 11వ తేదీ ఆదివారమున మన దేశమంతట సంతాపదినము పాటింపబడి, జాతీయ పతాకము అవనతము చేయబడెను. 1947 వరకు మన నరసాపురము ఆమె తండ్రియైన ఆరవ జార్జి యేలుబడిలో నుండెను. ఆ యేలుబడిని ఎదిరించి మన పెద్దలు స్వాతంత్ర్యము సంపాదించిరి. అట్టి వంశపు రాణికొరకు మన జెండా దించుట తగునా అని కొందరు అడుగవచ్చును. లేఖనము ఏమి బోధించుచున్నదో చూతము.

1. పగ లేని దుఃఖము. సౌలు దావీదును చంపగోరి కొండలలో తరిమెను. అయినను సౌలు గిల్బోవలో పడెనని విని దావీదు బట్టలు చింపుకొని, సాయంకాలమువరకు ఉపవాసముండి యేడ్చెను. సౌలు చేసిన కీడును ఆయన మరువలేదు గాని, మృతునిమీద పగ సాధింపలేదు. హైదరాబాదులోను ఇట్టిదే జరిగెను. 1948లో నిజాము సంస్థానము భారతదేశములో చేరెను. ఆయన పాలనలో నొచ్చినవారు అనేకులు. అయినను 1967 ఫిబ్రవరి 24న మీర్ ఉస్మాన్ అలీఖాన్ మరణింపగా, ఆయనను సాగనంపుటకు జనులు తండోపతండములుగా వచ్చిరి. జూడీ మసీదులో తల్లి సమాధి ప్రక్కనే ఆయనను పాతిపెట్టిరి.

2. ఆజ్ఞవలన రాని కన్నీరు. యెహోరాము తన తమ్ములను చంపి, ఎనిమిదేండ్లు ఏలెను. అతడు చనిపోగా పితరులకు చేసినట్లు జనులు అతనికి ధూపద్రవ్యములు కాల్చలేదు. అతనికొరకు చింతించినవాడొకడును లేడు. యాజకుడైన యెహోయాదా రాజు కాడు. అయినను అతడు చేసిన మేలునుబట్టి రాజుల నడుమ అతనిని పాతిపెట్టిరి. అతని కుమారుని చంపించిన యోవాషు రాజైయుండియు రాజుల సమాధులలో చేరలేదు.

3. దింపబడిన కిరీటము. లండనులో ఎలిజబెత్ రాణి శవపేటికను చూచుటకు సుమారు రెండున్నర లక్షలమంది వరుసలో నిలిచిరి. రాత్రియంతయు నిలిచినవారును కలరు. సెప్టెంబరు 19న విండ్సరులోని దేవాలయమందు, పేటికను క్రిందికి దింపకమునుపు దానిమీదనున్న కిరీటమును, రాజదండమును, గోళమును తీసి బల్లమీద ఉంచిరి. కిరీటము లేకయే రాణి సమాధిలోనికి దిగెను. మనమును అట్లే దిగుదుము.

ఇప్పుడు మన సంఘముల సంగతి ఆలోచింతము. ఆస్తిపరుడు మరణించినయెడల పందిరి, బ్యాండుమేళము, నలుగురు బోధకులు. ఊడ్పులకు, కోతలకు పోయి బ్రదికిన విధవరాలు మరణించినయెడల గుంట త్రవ్వుటకు మనుష్యులు దొరకరు. దూరపు రాణికి జెండా దించుట తప్పు కాదు. మన వీధిలోని సహోదరికి పని మానకుండుట తప్పు. ఆమె బిడ్డలు అప్పు చేసి జ్ఞాపకార్థపు భోజనము పెట్టుచుండగా మనము తిని వచ్చుట మరింత తప్పు. ఇకమీదట మన సంఘములో ఎవరు మరణించినను ఇంటికొకరు వెళ్లుదము; ఆ యింటికి మనమే అన్నము తీసికొని పోవుదము.

ఆలోచింపుడి:
1. దావీదు సౌలుకొరకు ఏల యేడ్చెను?
2. యెహోయాదాకు రాజుల సమాధులలో చోటు ఏల దొరకెను?
3. మన సంఘములో కడపట జరిగిన బీదవాని సమాధి కార్యక్రమమునకు మనలో ఎందరము వెళ్లితిమి?