పాకం పాకకు వేసవి కొలువు

మొగ్గ ఉబ్బిందంటే మేపుల్ కథ ఆ ఏటికి ముగిసినట్టే. చెట్టు చిగురుకు సిద్ధమయ్యాక కారే రసాన్ని వండితే పాకంలోకి ఒక వెగటు దిగుతుంది. ఆ రుచి ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ ఆ పని చెయ్యరు. వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్ పెరళ్ళలో పది పదిహేను చెట్లకు కుళాయిలు దిగ్గొట్టుకునే మన తెలుగు కుటుంబాలు ఏప్రిల్ దాటేసరికి బకెట్లు దించేస్తాయి. ఫిబ్రవరి చివరి నుంచి ఆరు వారాలు రసం మరిగిస్తూ ఆవిర్లు కక్కిన పాక తలుపేసుకుని కూర్చుంటుంది. "ఈ మాత్రం దానికా అంత కర్ర, అంత రేకు?" అని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. మనం నీళ్ళు నములుతాం.

పాకకు మిగతా ఏడాదంతా పని చెప్పవచ్చు. ఏ పని చెప్పకూడదో మాత్రం నేను నష్టపోయి తెలుసుకున్నాను. ఒక వేసవిలో గడ్డి కోసే యంత్రాన్ని, దాని పెట్రోలు డబ్బాతో సహా, పాకలో పెట్టాను. పాకం వడగట్టే ఉన్ని సంచి ఆ పక్కనే మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. మార్చిలో ఎనభై గ్యాలన్ల రసం మరిగిస్తే వచ్చిన రెండు గ్యాలన్ల పాకమూ పెట్రోలు కంపు కొట్టి కంపోస్టు గుంటపాలైంది. అందుకని పెట్రోలు, పెయింటు, పురుగుమందు, ఎరువుల బస్తా ఈ గడప లోపలికి రాకూడదు. ఉన్ని సంచిని సబ్బు తగలకుండా వేడినీళ్ళతోనే కడిగి, బాగా ఆరబెట్టి, మూత గట్టి డబ్బాలో పెట్టి ఇంట్లో దాచండి.

మే నెలలో ముందు పెనం సంగతి చూడండి. అడుగున గట్టిపడే తెల్లటి పొరను ఇక్కడివాళ్ళు షుగర్ శాండ్ అంటారు. తెల్ల వెనిగర్ కలిపిన నీళ్ళు పోసి ఒక రాత్రి ఉంచితే అది వదులుతుంది. ఇనప పీచుతో గీకకండి. కడిగి, ఆరాక బోర్లించండి. పొయ్యిలో బూడిద ఉంచితే చెమ్మ పట్టి ఇనుమును తినేస్తుంది, కాబట్టి ఎత్తేయండి. ఆ బూడిద కూరమళ్ళలో పలచగా చల్లవచ్చు. బంగాళాదుంపల మడిలోనూ, బ్లూబెర్రీ మొదళ్ళలోనూ మాత్రం వద్దు. పొగగొట్టానికి మూత పెట్టండి, లేకపోతే పిట్టలు కాపురం పెడతాయి.

ఇక పాకకు అసలు వేసవి కొలువు కట్టెలు. మా అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్ళకు ఈ బాధ తక్కువ. గానుగలో రసం పిండేశాక మిగిలిన పిప్పినే ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. చెరకు తన రసాన్ని తానే కాచుకుంటుంది. మేపుల్‌కు ఆ సుఖం లేదు. పైగా దాని రసం చెరకు రసంలా చిక్కనిదీ కాదు. రసంలో తీపి రెండు శాతం దగ్గర ఉంటుంది కనుక, ఒక గ్యాలన్ పాకానికి నలభై గ్యాలన్లకు పైగా మరిగించాలి. మంచి పొయ్యి మీద ఇరవై అయిదు గ్యాలన్ల పాకానికి ఒక కార్డు కట్టె పడుతుందని ఇక్కడి లెక్క. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు పేర్చిన మోపు ఒక కార్డు. ఇరవై కుళాయిలకు అయిదు గ్యాలన్ల పాకం వస్తుందనుకుంటే అయిదో వంతు కార్డు చాలాలి. మన పెరటి పొయ్యిలు అంత పొదుపుగా మండవు, రెట్టింపు ఉంచుకోండి.

కట్టెను మణికట్టు లావున చీల్చి, మే నెలలోనే పాకలో పేర్చాలి. గోడకు ఆనించకుండా జానెడు ఎడం వదలండి. నేలమీద నేరుగా కాకుండా రెండు దుంగలు పరిచి వాటి మీద పెట్టండి. ఆవిరి పోవడానికి కప్పు మీద కట్టుకున్న కిటికీ ఉంటుంది కదా, దాన్ని వేసవంతా తెరిచే ఉంచండి. కింద తలుపుల్లోంచి వచ్చిన గాలి పైనుంచి పోతుంటే కట్టె బాగా ఆరుతుంది. పచ్చికట్టె వేస్తే మంటలో కొంత దాని నీళ్ళు ఆవిరి చెయ్యడానికే పోతుంది. చవగ్గా దొరికాయని దూరం నుంచి కట్టెలు తెచ్చుకోకండి. 2008లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో బయటపడిన ఆసియా పొడుగు మీసాల పెంకు పురుగు మేపుల్ మానులోనే తొలుచుకుంటూ పోతుంది. అక్కడ వేల చెట్లు కొట్టేయాల్సి వచ్చింది. ఆ పురుగు కట్టెలతోనే ఊళ్ళు దాటుతుంది.

ఆ గాలి బాటే జులైలో వెల్లుల్లికి కూడా పనికొస్తుంది. అక్టోబరులో పాతిన పాయల్ని జులై నడిమిలో తవ్వితే, మట్టి దులిపి, ఆకుతోనే పదేసి కట్టి దూలాలకు వేలాడదీయండి. ఎండ తగలకూడదు, గాలి తగలాలి. మూడు వారాల్లో మెడ ఎండి, పొర కాగితంలా గలగలమంటుంది. అప్పుడు కోసి ఇంట్లోకి చేర్చండి, పెద్ద గడ్డలు అక్టోబరు విత్తనానికి తీసిపెట్టండి. ఉల్లికీ ఇదే పద్ధతి. వాసన సంగతేమిటంటారా? శీతాకాలం లోపు పోతుంది, పీల్చుకునే గుడ్డలు అక్కడ లేకపోతే చాలు.

మిరపకాయలకు మాత్రం ఈ పాకను నమ్ముకోకండి. గుంటూరు కళ్ళాల్లో కాయ ఎండేది మండే ఎండలో. ఇక్కడ పండుమిరప చేతికొచ్చేది సెప్టెంబరులో, మంచుకు తడిసే రాత్రుల్లో. దండ గుచ్చి వేలాడదీస్తే పైకి ఎర్రగా కనబడుతూ లోపల గింజల దగ్గర బూజు పడుతుంది. కరెంటు డీహైడ్రేటరు కొనుక్కోండి. అది పాకలో పెట్టుకుంటే ఘాటుకు ఇల్లంతా తుమ్మకుండా ఉంటుంది.

పాకకు ఉత్తరం పక్క నీడనూ వదలకండి. మేపుల్ తోపులో పెద్ద చెట్లకు వెలుతురు తగలడానికి చలికాలంలో సన్నవాటిని నరుకుతాం. నాలుగు నుంచి ఆరంగుళాల లావున్న ఆ దుంగలు షిటాకే పుట్టగొడుగులకు బాగుంటాయి. మూడు నాలుగు అడుగుల ముక్కలు కోసి, ఏప్రిల్, మే నెలల్లో రంధ్రాలు చేసి, విత్తనం కూరి, కరిగించిన మైనంతో మూసి ఆ నీడన పేర్చండి. మరుసటి ఏడు కాపు మొదలవుతుంది, తర్వాత మూడు నాలుగేళ్ళు నడుస్తుంది. వానలు లేనప్పుడు తడపడం మరవకండి. ఒకే చెట్టులో ఒక ముక్క లోపల ఎండాలి, ఒక ముక్క బయట తడవాలి. పిల్లలకు పని చెప్పినప్పుడు ఈ తేడా చెప్పండి, మా ఇంట్లో ఒకసారి మైనం పూసిన దుంగ పొయ్యి దాకా వెళ్ళింది.

పొగగొట్టం మూత కొన్నాళ్ళకు తీసి, మళ్ళీ పొయ్యి వెలిగించి పెనం ఎక్కించే పని అక్టోబరులో ఒకటుంది, నాకు ఇష్టమైనదీ అదే. న్యూ ఇంగ్లండులో ఆపిల్ రసాన్ని మరిగించి పాకం చేసే పాత అలవాటు ఉంది. ఏడు గ్యాలన్ల రసం ఒక గ్యాలను అవుతుంది. నిల్వ మందు కలపని తాజా రసం కొనండి, మందు కలిపితే అది కూడా ఏడు రెట్లు చిక్కబడుతుంది. చివర్లో మంట తగ్గించి కలుపుతూనే ఉండాలి, మేపుల్ కన్నా త్వరగా మాడుతుంది. ముదురు గోధుమ రంగులో, పుల్లగా, తియ్యగా వచ్చే ఈ పాకం రెండు చెంచాలు గుమ్మడికాయ పులుసులో వేస్తే బెల్లం తగ్గించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. పులుపు లోహాన్ని కరిగిస్తుంది. స్టెయిన్‌లెస్ పెనం అయితేనే ఈ పని. జింకు పూత పెనాలు వద్దు. 1990ల నడిమికి ముందు తయారైన పాత పెనాల అతుకుల్లో సీసం ఉండొచ్చు. అలాంటివి వేలంలో చవగ్గా దొరికినా ఆపిల్‌కే కాదు, మేపుల్‌కూ వాడకండి.

తేనెటీగలున్నవాళ్ళు ఆగస్టులో తేనె పిండుకోవడానికీ పాక బాగుంటుంది, కిటికీలకు దోమతెర ఉంటేనే. లేకపోతే ఊళ్ళో ఈగలన్నీ విందుకొస్తాయి. కోళ్ళను పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. రెట్ట దుమ్ము దూలాల మీద చేరుతుంది, మార్చిలో ఆవిరి దాన్ని కరిగించి పెనంలోకే చుక్కలుగా దింపుతుంది. కోళ్ళకు వేరే గూడు కట్టండి.

సంక్రాంతికి ఇంటికి అల్లుళ్ళు రావాలి, పాకలోంచి చుట్టాలు వెళ్ళాలి. కట్టెలు తప్ప తక్కినవన్నీ జనవరి నడిమికి ఖాళీ చేసి, దూలాలు తుడిచి, ఎలుక దూరే కంతల్లో ఇనప పీచు కూరి, పొగగొట్టం మూత తీసి, పెనంలో మంచినీళ్ళు పోసి ఒకసారి మరిగించి చూడండి. కారే అతుకు అప్పుడే బయటపడితే బాగుచేయించుకోవడానికి నెల రోజులు చేతిలో ఉంటాయి.