చెయ్యి వణికిందని పంపు దాచకండి

గుంటూరులో కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. మిర్చి టిక్కీలు దించే రోజుల్లో ఆ ఘాటుకు ఛాతీ బిగుసుకుపోయి పిల్లికూతలు మొదలయ్యేవి. ఆస్తమా పంపు (ఇన్‌హేలర్) రెండుసార్లు పీలిస్తే ఊపిరి ఆడేది, కానీ కాసేపు కలం నిలిచేది కాదు, గుండె దడదడలాడేది. ఆ వణుకుకు భయపడి, ఆయాసం ముదిరేదాకా పంపు తీయకుండా చాన్నాళ్లు గడిపాను. ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు అది.

ఆస్తాలిన్ పేరుతో మనకు తెలిసిన సాల్బుటమాల్ బిగిసిన శ్వాసనాళాల కండరాలను వదులు చేస్తుంది. కొద్ది నిమిషాల్లో పట్టు మొదలై, 4 నుంచి 6 గంటలు ఉంటుంది. చేతి కండరాల మీద, గుండె మీద కూడా దాని ప్రభావం పడుతుంది కాబట్టే వణుకూ దడా. మామూలు మోతాదులో అవి కాసేపటికి తగ్గిపోతాయి. మాటిమాటికీ వాడితే మాత్రం ఒంట్లో పొటాషియం పడిపోయి పిక్కలు పట్టేయవచ్చు. లెవోసాల్బుటమాల్‌తో వణుకు రాదని కొందరంటారు, పరిశోధనల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఆసుపత్రిలో నెబ్యులైజర్‌లో కలిపే ఇప్రాట్రోపియం నెమ్మదిగా పనిచేస్తుంది. దానివల్ల నోరు ఎండుతుంది. మాస్కు వదులై పొగ కళ్లలోకి పోతే చూపు మసకబారుతుంది, గ్లాకోమా ఉన్నవాళ్లకు ప్రమాదం కూడా. అటాక్‌లో ఇచ్చే ప్రెడ్నిసలోన్ మాత్రలకు గంటలు పడుతుంది, కానీ ఆయాసం తిరగబెట్టకుండా ఆపేవి అవే. నిద్ర తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది, షుగర్ ఉన్నవాళ్లకు అది ఎగబాకుతుంది. షుగర్ సంగతి ముందే చెప్పండి, మాత్రలు మాత్రం మధ్యలో మానకండి. థియోఫిలిన్ ఇంజెక్షన్ అడిగి చేయించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. వాంతులు, గుండె లయ తప్పడం వంటి ముప్పు ఎక్కువని నేటి మార్గదర్శకాలు అటాక్‌లో దాన్ని వద్దంటున్నాయి.

2019లో అంతర్జాతీయ ఆస్తమా నిపుణుల సంస్థ జీనా ఒక్క సాల్బుటమాల్ మీదే నెట్టుకురావడం సరికాదని తేల్చింది. అది బిగింపు వదిలిస్తుంది తప్ప లోపలి వాపును తగ్గించదు. అందుకే వాపు తగ్గించే బుడెసొనైడ్, దాంతో ఫార్మోటెరాల్ కలిసిన పంపు అవసరానికీ వాడుకోవచ్చేమో మీ డాక్టరును అడగండి. ఫార్మోటెరాల్ కూడా నిమిషాల్లోనే పట్టు ఇస్తుంది. దానికీ కొంత వణుకు ఉంటుంది, పీల్చాక నోరు పుక్కిలించకపోతే నాలుక మీద తెల్లపూత రావచ్చు. సాల్మెటెరాల్ ఉన్న పంపు మాత్రం అటాక్‌కు పనికిరాదు, దాని పట్టు ఆలస్యం. రెండూ చూడ్డానికి ఒకేలా ఉండొచ్చు, కాబట్టి లోపలి మందు పేరు చదవండి.

తలనొప్పికో కంగారుకో ప్రొప్రనలాల్ రాస్తే ఆస్తమా ఉందని చెప్పి తీరాలి. అది శ్వాసనాళాలను బిగిస్తుంది, ఆయాసం తీర్చే పంపును సరిగా పనిచేయనివ్వదు.

పనిలో ఆయాసం వస్తే పడుకోకండి, నిటారుగా కూర్చోండి. సాల్బుటమాల్ పంపు అయితే దానికి బిగించే స్పేసర్ గొట్టంలో ఒక్కొక్క పఫ్ వేసుకుంటూ, ఒక్కోదానికి నాలుగైదు శ్వాసలు తీస్తూ, మొత్తం 4 పఫ్‌లు. 20 నిమిషాల్లో తెరిపి లేకుంటే మళ్లీ వేసుకుంటూనే ఆసుపత్రికి కదలండి. ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోతే, పెదవులు నీలమైతే ఆ 20 నిమిషాలూ ఆగొద్దు, పఫ్‌లు వేసుకుంటూనే 108కి ఫోన్ చేయించండి. వారంలో రెండుసార్లు మించి సాల్బుటమాల్ అవసరపడుతుంటే రోజువారీ మందు సరిపోవడం లేదన్నమాట.

ఇప్పుడు నా పంపు చొక్కా జేబులో ఉంటుంది, స్పేసర్ గల్లాపెట్టె పక్కన. అదెక్కడుందో, ఎలా బిగించాలో హమాలీ మేస్త్రికి చేసి చూపించాను.