వైద్యునికి విద్య, రోగికి రక్ష

ఆరోగ్య కేంద్రపు డాక్టరుగారు శిక్షణకై పట్టణమునకు వెళ్లిన దినమున, దూరమునుండి వచ్చిన రోగులకు విసుగు కలుగుట సహజము. ఈ ఇబ్బందిని మేమును ఎరుగుదుము. అయినను ఆ శిక్షణ ఎవరి మేలు కొరకో పంచాయతీ సభ్యులు గ్రహింపవలెను.

వైద్యవిద్య పట్టముతో ముగియదు. పిల్లల విరేచనముల సంగతి చూడుడు. 1971లో పశ్చిమ బెంగాలులోని బనగావ్ శరణార్థి శిబిరమున డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటిని త్రాగించి ఎందరో కలరా రోగులను కాపాడిరి. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు, యూనిసెఫ్‌యు ఆ ద్రావణములో ఉప్పు, చక్కెరల పాళ్లు తగ్గించి, దానితోపాటు 10 నుండి 14 దినములు జింకు ఇయ్యవలెనని సూచించినవి. అంతకు పూర్వము పట్టము పొంది, మరల పుస్తకము తెరువని వైద్యుడు దీనిని ఎట్లు తెలిసికొనును?

ఒకప్పుడు పిల్లల జ్వరమునకు నిమెసులైడ్ వ్రాయుట వాడుక. కాలేయమునకు హాని కలుగవచ్చునను కారణమున, 12 ఏండ్లలోపు పిల్లలకు దానిని వాడరాదని 2011లో భారత ప్రభుత్వము నిషేధించినది. పాత అలవాటున వ్రాసిన చీటీవలన నష్టపోవునది పసిబిడ్డయే. పాము కరచినచోట గాటు పెట్టుట, బిగుతుగా కట్టు కట్టుట కూడ తగవని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

కావుననే భారత వైద్య మండలి 2002 నాటి నియమావళిలో, ప్రతి వైద్యుడును ఐదేండ్లకు కనీసము 30 గంటలు నిరంతర వైద్యవిద్యలో పాల్గొనవలెనని నిర్దేశించినది. అనగా ఏడాదికి ఆరు గంటలు మాత్రమే! క్రొత్త మందులను గూర్చి తెలిసికొనుటయే కాక, చీటీ స్పష్టముగా వ్రాయుట, రోగి వాడుచున్న ఇతర మందులను అడిగి తెలిసికొనుట, జరిగిన పొరపాటును దాచక తోటివైద్యులతో చర్చించుట కూడ ఈ విద్యలో భాగములే.

ఈ విషయమున పంచాయతీలు చేయదగిన పనులు మూడు కలవు.

1. శిక్షణ దినమును ముందుగా తెలిసికొని, ఆనాడు రోగులు ఎచ్చటికి పోవలెనో దండోరా వేయించుట.

2. వాడుచున్న మందులను, పాత చీటీలను రోగులు వెంట తీసికొని వెళ్లునట్లు ప్రోత్సహించుట.

3. అవసరము లేకున్నను సూదిమందు వేయుమని డాక్టరును ఎవరును ఒత్తిడి చేయకుండ చూచుట.

డాక్టరుగారు శిక్షణనుండి తిరిగి వచ్చిన పిదప, క్రొత్తగా తెలిసికొన్న సంగతులను గ్రామసభలో నాలుగు మాటలలో చెప్పుమని కోరుడు. ఒకరు నేర్చిన విద్య అట్లు ఊరందరికిని రక్షయగును.