అరవై దాటాక మంచి వస్తువు కొనవచ్చునా?



"ఇంకెన్నాళ్లు బ్రతుకుతాం ఫాదర్, ఈ వయసులో ఖరీదైన సామాను ఎందుకు?" అని పెద్దలు అంటుంటారు. పిల్లల పెళ్లిళ్లకు అప్పుచేసి ఖర్చుపెట్టినవారే, తమ వంటింటి దగ్గరకు వచ్చేసరికి పిడి వదులైన కుక్కరుతో సరిపెట్టుకుంటారు. ఇది త్యాగమని నేననుకోను. ఆవిరికి మన వయసు తెలియదు.

6వ శతాబ్దంలో పునీత బెనెడిక్టు గారు వ్రాసిన నియమావళి 31వ అధ్యాయంలో, మఠంలోని సామానంతటినీ బలిపీఠపు పవిత్ర పాత్రలవలె చూడాలని సరుకుల అధికారికి చెప్పారు. పనిముట్లు ఒకరి చేతినుండి మరొకరి చేతికి వెళ్తాయి గనుక, వాటి జాబితా మఠాధిపతి ఉంచుకోవాలని తరువాతి అధ్యాయంలో వ్రాశారు. అనగా, మన తరువాత వాడుకునేవారు కూడా లెక్కలో ఉన్నారు.

కామ విరిగితే మరొకటి వేయించగల పార, కక్కు కొట్టించగల కొడవలి, మన బజారులోనే గాస్కెట్టు దొరికే ఐ.ఎస్.ఐ. గుర్తు కుక్కరు కొనండి. మన్నిక అంటే బరువు కాదు సుమా! కీళ్లనొప్పులున్న తల్లి ఎత్తలేని గ్రైండరు ఎంత గట్టిదైతే ఏం లాభం? వంచి పిండి తీసే రకం అడగండి. పింఛనుతో బ్రతికేవారు వాయిదాల జోలికి పోవద్దు. రశీదు, గ్యారంటీ కార్డు పిల్లలకు తెలిసినచోట పెట్టండి.