ఇది వైకల్యంలో భాగమేనా?

ప్రశ్న: డౌన్ సిండ్రోమ్ ఉన్న 48 ఏళ్ల తమ్ముడు ఈమధ్య చొక్కా గుండీలు పెట్టుకోవడం మరచిపోతున్నాడు. కారణమేమిటి?

జవాబు: డౌన్ సిండ్రోమ్ అంటే 21వ క్రోమోజోమ్ రెండింటికి బదులు మూడు ప్రతులుగా ఉండే స్థితి. మెదడులో పేరుకుపోయే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌కు మూలమైన జన్యువు ఆ క్రోమోజోమ్ మీదే ఉండటం వల్ల, వీరిలో అల్జీమర్స్ అనే మతిమరుపు వ్యాధి 40, 50 ఏళ్ల వయసులోనే మొదలు కావచ్చు. అయితే థైరాయిడ్ లోపం, వినికిడి తగ్గడం, కంటి శుక్లాలు, పంటి నొప్పి కూడా ఇటువంటి మార్పులే తెస్తాయి కనుక, వైకల్యంలో భాగమేనని కొట్టిపారేయకుండా ముందు వాటిని పరీక్షించి చికిత్స చేయించాలి. బాధను మాటల్లో చెప్పలేని వ్యక్తి అన్నం ఒకవైపే నమలడం, స్నానానికి మొరాయించడం వంటి గుర్తులను తేదీలతో రాసిపెట్టి డాక్టరుకు, నర్సుకు చూపడం రోగనిర్ధారణకు ఎంతో తోడ్పడుతుంది. చేయగలిగిన పనిని తొందరపెట్టకుండా ఆయన చేతనే చేయించడం ఆయన గౌరవాన్ని నిలిపే సంరక్షణ.